వంగిన చెట్టు: దక్షిణాంధ్రుల కథల్లో తీపిచేదుల ముగింపు

మా విభాగంలో ఏటా మొదటి తరగతి ఒక చిన్న పనితో మొదలవుతుంది. మీ ఇంటివాళ్లు ఈ దేశానికి ఎట్లా వచ్చారో, పెద్దల నోట విన్నది విన్నట్టు చెప్పమని విద్యార్థులను అడుగుతాము. కోయంబత్తూరు, ఉడుమలైపేట, ఉసిలంపట్టి, బోడినాయకనూరు వైపుల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటమే గాని చదవటం, రాయటం రాదు. కొందరి ఇళ్లలో ఆ మాట్లాడటం కూడా తాతల తరంతోనే ఆగిపోయింది. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి లేచి కథ మొత్తం తమిళంలో చెప్పింది. నడుమ ఒక్క వాక్యం మాత్రం తెలుగులో వచ్చింది: "చెట్టు వంగిందంట, మనము దాటి వచ్చేసినాము." ఆ వాక్యాన్ని కూడా తమిళంలో చెప్పమన్నాము. చెప్పింది. చెప్పి, "అట్లా చెప్తే అది మా అవ్వ కథ కాదు సార్" అన్నది.

ఈ వ్యాసం ఆ వాక్యం గురించి. అది ఒక ముగింపు వాక్యం. సుఖాంతమా, విషాదాంతమా అని అడిగితే రెంటిలో ఏదీ కాదు.

కథ మీలో చాలామందికి తెలిసిందే. ఉత్తరాన ఎక్కడో మనవాళ్లు సుఖంగా ఉన్నారు. ఆ ఇంటి పిల్ల అందం గురించి ఒక రాజు విన్నాడు. పిల్లనిమ్మన్నాడు. ఇవ్వలేరు, కాదనలేరు. రాత్రికి రాత్రి ఉన్నదంతా వదిలి దక్షిణానికి బయలుదేరారు. వెనుక గుర్రాల సైన్యం, ముందు పొంగిపొరలే ఏరు. దిక్కులేక దేవతను తలచుకుంటే గట్టున ఉన్న చెట్టు వంగి వంతెన అయింది. అందరూ దాటాక నిటారుగా లేచింది. తరిమివచ్చినవాళ్లు ఆవలి గట్టున నిలిచిపోయారు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు కొద్దికొద్ది మార్పులతో ఈ కథే చెప్పుకుంటారు. 1906లో మదుర జిల్లా గెజెటీరు రాసిన డబ్ల్యూ. ఫ్రాన్సిస్, 1909లో దక్షిణభారత కులాల మీద ఏడు సంపుటాలు వెలువరించిన ఎడ్గర్ థర్‌స్టన్ రాజకంబళం వారి (వాళ్ల పుస్తకాల్లో తొట్టియర్ల) పాఠాన్ని నమోదు చేశారు. అందులో చెట్లు రెండు. ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఒకటి, రెండూ వంగి కొమ్మలు కలుపుకున్నాయి. అవి పొంగు చెట్లు. ఆ కృతజ్ఞతతోనే ఆ చెట్టును పూజిస్తారనీ, పెళ్లిపందిట్లో దాని ఆకు వాడతారనీ అప్పటి మాట. తమిళంలో పుంగు లేక పొంగు అనే ఈ చెట్టు తెలుగులో కానుగ. రాసుకున్న అధికారుల చెవికి తమిళ పేరే పడిందో, చెప్పినవాళ్లే అప్పటికి ఆ పేరు వాడుతున్నారో గాని, మనవాళ్లను ఏరు దాటించిన చెట్టు పుస్తకంలోకి ఎక్కేసరికి తమిళ పేరుతో ఎక్కింది.

భాషాశాస్త్రం చదువుకున్నవాళ్లం కాబట్టి ఆ అమ్మాయి వాక్యంలోని వ్యాకరణం మమ్మల్ని వదలలేదు. చెట్టు "వంగిందంట". ఆ "అంట" విన్న మాటకు గుర్తు, తాను చూడలేదని ఒప్పుకోవటం. రెండో సగంలో "అంట" లేదు. "వచ్చేసినారంట" అనలేదు, "వచ్చేసినాము" అన్నది. అదీ "మేము" కాదు, "మనము". తెలుగులో ఎదుటివారిని కలుపుకునే మాట వేరు, కలుపుకోని మాట వేరు అని మీకు తెలుసు. ఈ తేడా తమిళంలోనూ ఉంది. అవ్వ ఆ కథ మనవరాలికి చెప్పినప్పుడు ఒళ్లో కూర్చున్న పిల్లను కూడా ఏరు దాటించింది. అద్భుతానికి సాక్ష్యం లేదు, అందుకు "అంట". దాటటానికి సాక్ష్యం మనమే, ఇక్కడ ఉన్నాము గనుక. వదిలి వచ్చినదాని పేరు మాత్రం వాక్యంలో ఎక్కడా లేదు. "వచ్చేసినాము"లోని ఆ "ఏసి"లోనే అదంతా అణిగి ఉంది.

మన విమర్శలో దీనికి పేరు లేదు. సుఖాంతం, విషాదాంతం అని రెండు పెట్టెలు పెట్టుకున్నాము. సంస్కృత నాటకానికి మంగళాంతం నియమం. భాసుడి ఊరుభంగం లాంటివి అపవాదాలు. తెలుగులో విషాదాంత నాటకానికి బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు బాట వేశారని చెబుతాము. ఈ రెంటికీ నడుమ ఉన్నదాన్ని ఇంగ్లీషువాళ్లు బిటర్‌స్వీట్ అంటారు. వాళ్ల మాటలో చేదు ముందు, తీపి వెనుక. మనం తీపిచేదులు అంటాము, తీపి ముందు. ఉగాది పచ్చడి పోలిక అందరి నోటికీ వెంటనే వస్తుంది గాని మాకది సరిపోదనిపిస్తుంది. పచ్చడిలో రుచులన్నీ ఒకేసారి నాలుకకు తగులుతాయి. కథలో ఒకదాని తరువాత ఒకటి వస్తాయి, ఏది చివర వచ్చిందన్నదే ముఖ్యం.

ఈ తరహా ముగింపు మీద ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువగా ఆలోచించినవాళ్లు క్రైస్తవ విశ్వాసంతో అద్భుతకథలు రాసిన ఇంగ్లీషు రచయితలు. జె. ఆర్. ఆర్. టోల్కీన్ మనలాగే భాషల మనిషి, పాత ఇంగ్లీషు ఆచార్యుడు, కాథలిక్కు. 1939 మార్చిలో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్‌లో అద్భుతకథల మీద ఇచ్చిన ఉపన్యాసాన్ని విస్తరించి 1947లో అచ్చువేశాడు. అందులో "యూకాటాస్ట్రఫీ" అని ఒక మాట కల్పించాడు. గ్రీకులో "యూ" అంటే మంచి, "కాటాస్ట్రఫీ" అంటే కిందికి తిరగటం, కథ కూలటం. అంతా కూలిపోతుందనుకున్న క్షణాన అనుకోకుండా మేలు వైపు తిరిగే మలుపు అని అర్థం. ఆ మలుపు దుఃఖం లేదని అనదు, దుఃఖానిదే చివరి మాట కాదంటుంది. క్రీస్తు పునరుత్థానం అలాంటి మలుపులన్నింటిలోకీ పెద్దదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం లేనివాళ్లకు కూడా కథాశాస్త్రంగా ఈ మాట పనికివస్తుంది. చెట్టు వంగటం అచ్చంగా యూకాటాస్ట్రఫీయే.

అయితే టోల్కీన్ సొంత కథ ఆ మలుపు దగ్గర ఆగలేదు. ఆయన 1916లో సోమ్ యుద్ధంలో ఉన్నాడు. ఆ మహాయుద్ధంలో ప్రాణమిత్రులను పోగొట్టుకున్నాడు. "ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్" మూడో సంపుటం 1955 అక్టోబరులో వచ్చింది. దాని చివర ఊరిని కాపాడిన ఫ్రోడో ఆ ఊళ్లో బతకలేకపోతాడు. మోసిన బరువు లోపల మిగిల్చిన గాయం మానదు. ఓడ ఎక్కి పడమటి సముద్రం దాటి వెళ్లిపోతాడు. సేవకుడూ స్నేహితుడూ అయిన సామ్ ఇంటికి తిరిగివస్తాడు, అక్కడ భార్య, బిడ్డ, దీపం. పాఠకులు ఈ ఓడరేవు ఘట్టాన్ని ఎందుకంతగా ప్రేమించారంటే, గెలిచినందుకు చెల్లించవలసిన వెలను అది దాచలేదు కాబట్టి అని మా ఉద్దేశం. వెల చూపకుండా తీపి పెడితే పెద్దవాళ్లు నమ్మరు. పిల్లలైతే అసలే నమ్మరు.

టోల్కీన్ మిత్రుడు సి. ఎస్. లూయిస్ 1956లో నార్నియా కథల ఏడో పుస్తకాన్ని, "ద లాస్ట్ బ్యాటిల్"ను ప్రచురించాడు. అందులో నార్నియా నశిస్తుంది. పిల్లలు రైలు ప్రమాదంలో చనిపోయారని చివర తెలుస్తుంది. వాళ్లు అంతకంటె నిజమైన దేశంలోకి నడిచిపోతారు. సూసన్ అనే అమ్మాయి మాత్రం ఆ దేశంలో లేదు. ఈ ముగింపు మమ్మల్ని టోల్కీన్ ముగింపులా కదిలించదు. గాయం మీద మందు మరీ తొందరగా వేశాడనిపిస్తుంది. కదిలించేది రచయిత ఒకటి రెండు మాటలతో దాటవేసిన సూసన్. ఇంటివాళ్లంతా పోయాక లోకంలో ఒక్కతే మిగిలిన పిల్ల ఏమైందని తరాల పాఠకులు అడుగుతూనే ఉన్నారు.

ఇది మనకు మరీ దూరపు వ్యవహారం కాదు. ఈ వంశంలో పాతకథ జాన్ బన్యన్ 1678లో ప్రచురించిన యాత్రికుడి కథ. నమ్మినవాడు నది దాటి దివ్యనగరం చేరతాడు. కాని అదే ద్వారం దాకా వచ్చిన మరొక పాత్రను, అజ్ఞాని అనే అర్థం వచ్చే పేరున్నవాణ్ని, కాళ్లూ చేతులూ కట్టి తోసేయటం చూపి మొదటి భాగం ముగిస్తాడు బన్యన్. ఆ కథను వైష్ణవ కుటుంబంలో పుట్టి 1858లో క్రైస్తవం స్వీకరించిన హెచ్. ఏ. కృష్ణపిళ్లై కంబరామాయణం నడకలో "రక్షణ్య యాత్రికం" అనే తమిళ కావ్యంగా మలిచాడు. 1894లో పాళయంకోట్టైలో. కోవిల్‌పట్టి నల్లరేగడి తెలుగుపల్లెలు అక్కడికి ఎంతో దూరం కాదు. ఒక కథలో ఏరు దాటితే మోక్షం, మరొక కథలో ఏరు దాటితే చెల్క.

ఇక దక్షిణాంధ్ర సాహిత్యం సంగతి. 1529 మొదలు 1736 దాకా మదురను నాయకరాజులు ఏలారు. తంజావూరులో రఘునాథుడు, విజయరాఘవుడు. మదురలో చివరి కాలాన విజయరంగ చొక్కనాథుడు. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడి వచనం, శేషము వేంకటపతి శృంగారం, తంజావూరి యక్షగానాలు, అన్నీ మంగళహారతితో ముగుస్తాయి. చాలా యక్షగానాల చివర పెళ్లి. విజయరాఘవ నాయకుడు స్వయంగా యక్షగానకర్త. ఆయన ఆస్థానంలోని రంగాజమ్మ రాసిన మన్నారుదాసవిలాసంలో నాయకుడు ఆ రాజే. కథ సుఖంగా ముగిసింది.

జీవితం అట్లా ముగియలేదు. మదుర చొక్కనాథ నాయకుడు విజయరాఘవుడి కూతుర్ని పెళ్లికి అడిగాడు. తంజావూరు కాదన్నది. 1673లో మదుర సైన్యం వచ్చిపడింది. వృద్ధుడైన విజయరాఘవుడు అంతఃపురాన్ని తుపాకిమందుతో పేల్చివేసే ఏర్పాటు చేసి, తాను యుద్ధంలో పడిపోయాడు. ఇప్పుడు మన వలసకథను మళ్లీ చూడండి. రాజు పిల్లనడిగాడు, పెద్దలు కాదన్నారు, సైన్యం తరిమింది. అక్షరాలా అదే. అడిగిన రాజూ తెలుగువాడు, కాదన్నవాడూ తెలుగువాడు. తేడా ఒక్కటే, ఇక్కడ ఏ చెట్టూ వంగలేదు.

వంగలేదని పూర్తిగా అనలేము కూడా. "తంజావూరి ఆంధ్రరాజుల చరిత్ర" అనే తెలుగు వచనగ్రంథం ఉంది, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పరిష్కరించినది. మీరు తప్పక చదవవలసిన పుస్తకం. దాని ప్రకారం ఆ విధ్వంసం నుంచి చెంగమలదాసు అనే పసివాణ్ని ఒక దాది నాగపట్టణానికి చేరవేసి కాపాడింది. వాడు అక్కడ ఒక వర్తకుడి ఇంట పెరిగాడు. రాయసం వెంకన్న వాడి పక్షాన బిజాపూరు సహాయం కోరాడు. వచ్చినవాడు శివాజీ సవతితమ్ముడు ఏకోజీ. పసివాడికి రాజ్యం ఇప్పించాడు. కొంతకాలానికి తానే తీసుకున్నాడు. తంజావూరు మరాఠాలదైంది. దాది చేసిన మేలు వృథా కాలేదు, బిడ్డ బతికాడు. రాజ్యం నిలవలేదు. ఆస్థానకవులకు చేతకాని ముగింపు, పేరు కూడా మిగలని ఒక చరిత్రకారుడి వచనంలో దొరుకుతుంది.

పాత తెలుగుకు ఈ ఇబ్బంది కొత్తది కాదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణంలో శ్రీరామ నిర్యాణం రాయలేదు. ఆ కొరత తరువాత జయంతి రామభట్టు తీర్చాడు. అదే తిక్కన భారతాన్ని స్వర్గారోహణ పర్వం దాకా నడిపించాడు, తమ్ములు ఒక్కొక్కరే పడిపోతుంటే కుక్కతో నడిచిన ధర్మరాజును దాటవేయలేదు. పల్నాటి యుద్ధం తరువాత బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లాడనే చెబుతారు గాని చనిపోయాడనరు. బిలమైనా పడమటి సముద్రమైనా, వీరుణ్ని పూర్తిగా పోనివ్వటానికి జనం ఒప్పుకోరు.

మదురలో ఈ పని ఒక గుడిద్వారం దగ్గర జరిగింది. మీనాక్షి ఆలయం తూర్పు గోపురం దగ్గర మదురైవీరన్ సన్నిధి ఉంది. కథలో వీరన్‌ను పెంచినవాళ్లు చెప్పులు కుట్టే దంపతులు. కొంగునాట, మదుర ప్రాంతాన ఆ పని చేసిన అరుంధతీయుల్లో చాలామంది ఇంటిభాష ఇప్పటికీ తెలుగే. అతను ప్రేమించిన బొమ్మి ఒక నాయక పాళెగాడి కూతురు. అంటే రెండు వైపులా తెలుగు వినిపించే కథ ఇది, పాటలు తమిళంలో ఉన్నా. తిరుమల నాయకుడి కొలువులో దొంగలను అణచిన వీరుడి మీద నేరం మోపి కాలూ చేయీ నరికించారు. నిజం తెలిశాక దేవి దయతో అవయవాలు తిరిగివచ్చాయని కొన్ని పాఠాలు. అయినా అతను బతకటానికి ఒప్పుకోడు, ప్రాణం విడిచి కాపలాదేవుడు అవుతాడు. మన సారంగధరుణ్ని గుర్తుతెచ్చుకోండి. గౌరన నవనాథచరిత్రలోనూ, చేమకూర వేంకటకవి తంజావూరులో రాసిన కావ్యంలోనూ ఉన్న కథ. అక్కడా నింద, అక్కడా నరికిన కాళ్లూ చేతులూ, అక్కడా సిద్ధుడి దయ. తిరిగివచ్చిన అవయవాలతో సారంగధరుడు కూడా పాత జీవితంలోకి పోడు, యోగి అవుతాడు. పోయినది తిరిగివస్తే కూడా పాత మనిషి తిరిగిరాడు. ఫ్రోడో సంగతీ అంతే.

1956లోనే, లూయిస్ చివరి నార్నియా పుస్తకం వచ్చిన ఏడే, ఎం. జి. రామచంద్రన్, భానుమతి, పద్మిని నటించిన "మదురై వీరన్" సినిమా వచ్చింది. మా నాయన చిన్ననాడు దాన్ని కోయంబత్తూరులో చూసినవాడు. ఏడ్చి ఏడ్చి బయటికి వచ్చి మళ్లీ టికెట్ల వరసలో నిలబడ్డామని చెప్పేవాడు. పోయినవాడు ద్వారం దగ్గర నిలబడి ఉన్నాడంటే ఆ ఏడుపులో ఒక ఊరట.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ఊరటను మేము పూర్తిగా నమ్మము. బతికి ఉన్నప్పుడు కులం దాటి ప్రేమించాడని తరిమి, చచ్చాక గుడివాకిట దేవుణ్ని చేయటం తీర్పరులకు కూడా సుఖమైన ముగింపే. వీరన్‌ను కులదైవంగా కొలిచే ఇళ్లనుంచి వచ్చిన విద్యార్థులు ఆ కథలో చేదును ఎక్కువ వింటారు, నాయకుల ఇళ్లవాళ్లు తీపిని ఎక్కువ వింటారు. ఒకే తరగతిలో రెంటినీ విన్నాము. దేవుడు చేశారు సరే, ఎందుకు చంపారు అని వెనుక బెంచీలో ఒక అబ్బాయి అడిగినప్పుడు సినిమా గురించి చెప్పబోతున్న మేము ఆగిపోయాము.

వలసకథ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎక్కువ పాఠాల్లో పిల్లనడిగిన రాజు తురకరాజు. దాన్ని చరిత్రగా పట్టుకుని ఇవాళ ఎవరిమీదనో కోపం పెంచుకోవటం కథను చదవటం రాకపోవటమే. నాట్టుకోట్టై చెట్టియార్లు కావేరిపూంపట్టణం వదిలిరావటానికి కారణంగా చెప్పే కథలో తమ ఆడపిల్లలను బాధించినవాడు చోళరాజు. తంజావూరు సంగతి పైన చెప్పాము. రాజు పాత్ర మారుతూ ఉంటుంది, కథ మారదు. వలసకు అసలు కారణాలు వేరే చోట ఉన్నాయి: విజయనగర సైన్యాల్లో కొలువు, విశ్వనాథ నాయకుడి కాలం నుంచి ఏర్పడిన పాళెయాలు, ఏటిగట్టు తమిళ రైతులు అంతగా పట్టించుకోని నల్లరేగడి. తిరునెల్వేలి రైతుల మీద 1985లో పుస్తకం రాసిన డేవిడ్ లడ్డెన్ ఈ మెట్టనేల సంగతి వివరంగా చర్చించాడు. చాలామంది తరమబడి రాలేదు, భూమికోసం, కొలువుకోసం వచ్చారు. కొందరు గెలిచినవాళ్లుగానే వచ్చారు. అయినా ఇంట్లో చెప్పుకోవటానికి గెలుపుకథ కాక పారిపోయిన కథనే ఎంచుకున్నారు. మాకిది ఆశ్చర్యంగా ఉంటుంది. గెలిచి వచ్చామంటే ఉన్నచోట అధికారం అడిగినట్టు. పారిపోయి వచ్చామంటే చోటు అడిగినట్టు. వందల ఏళ్లు పక్కింటివాళ్లతో కలిసి బతకటానికి రెండోదే పనికివచ్చి ఉంటుంది.

వాళ్లకూ చెట్టు వంగని రోజు వచ్చింది. రాజకంబళం వాడైన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న కయత్తారులో కంపెనీవాళ్లు చింతచెట్టుకు ఉరితీశారు. కోటను నేలమట్టం చేశారు. జక్కమ్మ పేరు తలచుకుంటూనే కట్టబొమ్మన కథ చెప్పుకుంటారు గాని, ఆమె వచ్చి ఉరితాడు తెంచిందని చెప్పగా మేము వినలేదు. అద్భుతం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో జనానికి తెలుసు. చూసినవాళ్లు బతికి ఉన్న సంగతికి "అంట" చేర్చటం కష్టం.

వలసకథను నవలలోకి తెచ్చినవాడు కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్. ఇంట్లో తెలుగు, రాత తమిళం. "గోపల్ల గ్రామం" 1976లో వచ్చింది. దాని తరువాయి "గోపల్లపురత్తు మక్కళ్"కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి. ఆయన 2021లో కన్నుమూశారు. నవలలో నూరేళ్లు ఎప్పుడో దాటిన మంగత్తాయారు అనే ముదుసలి కూర్చుని చెన్నాదేవి అందాన్ని, పారిపోవటాన్ని, చెట్టును చెబుతుంది. తెలుగువాళ్లు దక్షిణానికి వచ్చిన కథకు ఇంతకు మించిన సాహిత్యరూపం మాకు తెలిసి తెలుగులో లేదు. అది తమిళంలో ఉంది. దీనికి సంతోషించాలా, బాధపడాలా అని మా విభాగంలో టీ తాగేటప్పుడు వాదన జరుగుతూనే ఉంటుంది. బాధపడేవాళ్లు, ఆయన తెలుగులో రాసి ఉంటే అంటారు. తెలుగులో రాసి ఉంటే ఇడైసెవల్‌లో ఎవరు చదివేవాళ్లు? ఆయన తెలుగు బడి లేని ఊళ్లో పెరిగి, తమ ఇంటి అవ్వ గొంతును పొరుగుభాషలో బతికించాడు. ఏరు దాటింది కథ. ఆవలి గట్టున భాష నిలిచిపోయింది. ఆ నవల చదివి, ఇందులో ఉన్నది మా ఇంటి మాటే కదా అని తెలుగు అక్షరాలు నేర్చుకోవటానికి వచ్చినవాళ్లు మా విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఎక్కువమంది లేరు.

మొదట చెప్పిన అమ్మాయి ఆ ఏడు చివర తన వాక్యాన్ని తెలుగు లిపిలో రాసి చూపింది. "వంగిందంట"లో సున్న మరచిపోయింది, "మనము" సరిగానే రాసింది.

సంచిక చదివే విద్యార్థులకు ఒక మనవి. మీ ఇళ్లలో ఈ కథ చివరి వాక్యం ఎట్లా చెబుతారో, "మేము" అంటారో "మనము" అంటారో, "అంట" ఎక్కడ వస్తుందో, చెట్టు ఏ చెట్టో, విన్నది విన్నట్టు రాసి విభాగానికి పంపండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలో రాయండి. అవ్వలు, తాతలు ఉన్నవాళ్లు ఈ సెలవుల్లోనే అడిగితే మంచిది.